ఊ కొట్టేవాళ్లుంటేనే కథ

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేదిక మీదున్న పెద్దలకు, లైబ్రేరియన్ గారికి, చోటు చాలక వెనక నిలబడి వింటున్నవాళ్లకు, అందరికంటే ముందు ఇక్కడ చాప మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. కథ చెప్పడంలో ఉన్న నేర్పు ఏమిటి, అసలు మనుషులకు కథలెందుకు అన్న విషయం మీద మాట్లాడమన్నారు నన్ను. 31 ఏళ్లు జిల్లా పరిషత్ బళ్లలో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక 8 ఏళ్లుగా బళ్లకూ గ్రంథాలయాలకూ తిరిగి పిల్లలకు కథలు చెబుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత నాకు గట్టిగా అనిపించేది ఒకటే. కథలో సగం పని చెప్పేవాళ్లది, సగం వినేవాళ్లది. ఆ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకని ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఒక్కసారి చూద్దాం. అనగనగా ఒక రాజు.

(సభ నిశ్శబ్దం)

ఎవరూ పలకలేదు. మళ్లీ అంటాను. అనగనగా ఒక రాజు...

(పిల్లల్లో ఒకరిద్దరు: "ఊ...")

ఆ, ఇప్పుడు మొదలైంది కథ.

మా నాయనమ్మకు చదువు రాదు. సంతకం బదులు వేలిముద్ర వేసేది. ఎండాకాలం రాత్రుళ్లు వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. అటో ఇద్దరం, ఇటో ఇద్దరం, మధ్యలో ఆవిడ. "ఊ కొడితేనే చెబుతా, లేకపోతే నాకూ నిద్రొస్తోంది" అనేది. మేం కొట్టేవాళ్లం. ఆవిడ మా "ఊ"ల్ని ఎంత పట్టి పట్టి వినేదో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. రాక్షసుడు వచ్చేటప్పుడు మా ఊ చిన్నదైపోయేది. అప్పుడు గొంతు తగ్గించి ఇంకాస్త సాగదీసేది. "ఊ, ఊ, ఊ" అని గబగబా అన్నామంటే మాకు తెలిసిన చోటేనని అక్కణ్ణించి పరుగెత్తించేది. ఇంకొకటి చేసేది. కథ మధ్యలో కావాలనే ఒక తప్పు చెప్పేది. "రాజుగారి ఏడుగురు కొడుకులూ వేటకెళ్లి పన్నెండు చేపలు తెచ్చారు" అనేది. "కాదు నాయనమ్మా, ఏడు!" అని ఎవరైనా లేస్తే కథ ముందుకు పోయేది. దానికి కూడా "ఊ" అన్నామంటే మాట ఆపేసి, మా మీద దుప్పటి కప్పి, తనూ అటు తిరిగి పడుకునేది. పొద్దున్నే లేచి, చివరికి ఏమైందని అడిగితే, "నువ్వు పన్నెండు చేపలకు ఊ కొట్టావే, అక్కడికే అయిపోయింది" అనేది.

కథ చెప్పడం నేర్పే పాఠం ఏదైనా ఉందంటే నాకు అదే. ట్రైనింగులో గొంతు గురించీ హావభావాల గురించీ చెప్పారు. అవీ కావాలి, కాదనను. కానీ చెప్పేటప్పుడు నా చెవి ఎక్కడుండాలో నేర్పింది మాత్రం ఆవిడే.

రెండో పాఠం మా నాన్నది. మాది గుంటూరు జిల్లా. మా నాన్న వ్యవసాయం చేస్తూ, పనుల్లేని రోజుల్లో బుర్రకథ దళంతో తిరిగేవాడు. కథకుడు కాదు, వంత. మీలో చిన్నవాళ్లు బుర్రకథ చూసి ఉండరు గనక రెండు ముక్కలు చెబుతాను. ముగ్గురు ఉంటారు. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, పొడుగాటి అంగీ, తలపాగా. అటొకరు ఇటొకరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. ఆ గుమ్మెటనే కొన్నిచోట్ల బుర్ర అంటారు, ఇంకొన్నిచోట్ల డక్కీ అంటారు. వంతల్లో ఒకరిది హాస్యం, రెండోవాళ్లు కథను ఇవాళ్టి లోకం సంగతులకు ముడిపెడతారు. మా నాన్నది హాస్యం.

సంక్రాంతి చలిలో చర్మం మెత్తబడి గుమ్మెట మూగగా పలికేది. పందిరి వెనక గుప్పెడు ఎండుగడ్డి మంట వేసి, గుమ్మెటను దాని మీద తిప్పుతూ కాచేవాడు. మధ్యమధ్య వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. సరిగ్గా పలికిందంటే మొహంలోనే తెలిసిపోయేది. ఆ కాస్త వెచ్చదనం కోసం నేను ఆయన పక్కన కూర్చునేదాన్ని. కాలుతున్న గడ్డి వాసనొస్తే ఇప్పటికీ నాకు "వినరా భారత వీరకుమారా" అన్న పిలుపే వినిపిస్తుంది.

వంత చేసే పని ఏమిటి? "తందాన తాన" అంటాడు, కథకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తాడు అని చాలామంది అనుకుంటారు. అది నిజమే, కానీ అంతకంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. ఊరివాళ్ల తరఫున అడుగుతాడు. "అంత పెద్ద సైన్యం వస్తుంటే కోటలోవాళ్లకు కబురు అందలేదంటావా?" అంటాడు. సరిగ్గా అదే ప్రశ్న వెనక గోనెపట్టా మీద కూర్చున్న ముసలాయన మనసులోనూ ఉంటుంది. "అదే నేనూ అనుకుంటున్నా" అని పైకే అనేస్తాడు. ఆ క్షణాన ఊరు మొత్తం కథలోకి వచ్చేసినట్టే. వంత అంటే పాట అందుకునే మనిషే కాదు, జనం నోరు. ఇప్పుడు మనం "వంత పాడుతున్నాడు" అనే మాటను తిట్టులా వాడుతున్నాం. పెద్దవాళ్లు ఏమన్నా తలూపేవాణ్ణి అంటున్నాం. ఆ మాట పేపర్లో కనిపించినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మా నాన్న ఏనాడూ ఊరికే తలూపలేదు. అడ్డం తగిలాడు, అడిగాడు, నిలదీశాడు. కథకుడి చేత ఇంకా బాగా చెప్పించాడు.

బొబ్బిలి యుద్ధం చెప్పే రాత్రి ఒకటి నాకు బాగా గుర్తు. 1757లో ఫ్రెంచి బుస్సీ సైన్యమూ విజయనగరం సైన్యమూ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన కథ. కోట ఇక నిలవదని తెలిశాక లోపలి స్త్రీలు, పిల్లలు ప్రాణాలు పోగొట్టుకునే ఘట్టం వచ్చింది. కథకుడు ఒక్కో చరణం పాడి ఆపుతున్నాడు. మామూలుగా అయితే అక్కడ "తందాన" పడాలి. పడలేదు. రెండు గుమ్మెటలూ ఆగిపోయాయి. ఒక్క తంబురా మోగుతోంది. జనంలో చంటిపిల్ల ఏడుపు తప్ప చప్పుడు లేదు. ఇంటికొచ్చాక అడిగాను, "నాన్నా, నువ్వు వాయించడం మర్చిపోయావా?" అని. "అక్కడ ఊరే ఊ కొట్టడం మానేసిందమ్మా. నేనెట్టా కొడతాను?" అన్నాడు.

మా నాన్నకు షేక్ నాజర్ గారంటే ప్రాణం. నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో పుట్టారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు, 1997లో పోయారు. ప్రజానాట్యమండలితో కలిసి ఊరూరా తిరిగి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పారు. బెంగాల్ కరువును కూడా బుర్రకథ చేశారు. ఆలోచించండి, బెంగాల్ ఎక్కడ, మన పల్లెటూళ్లు ఎక్కడ! అక్కడ 1943లో లక్షలమంది ఆకలితో పోయారన్న సంగతి పేపరు చదవలేని మనిషికి ఇక్కడ తెలియాలంటే ఎవరో ఒకరు పందిట్లో నిలబడి పాడాలి. ఆ పక్కన ఇంకెవరో "అయ్యో, మరి ప్రభుత్వం ఏం చేస్తోందయ్యా?" అని అడగాలి.

ఇదంతా జానపదుల సంగతే అనుకోకండి. మన పురాణాలు తీసి చూడండి, వినేవాడు లేని కథ ఒక్కటీ ఉండదు. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగితే సూతుడు చెబుతాడు. జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు చెబుతాడు. మన కవులు తెలుగులోకి తెచ్చినప్పుడు కూడా వినేవాణ్ణి వదల్లేదు. "వైశంపాయనుండు జనమేజయున కిట్లనియె" అన్న మాట భారతంలో ఎన్నిసార్లు వస్తుందో. చదువుకునే రోజుల్లో నేనది దాటేసి పద్యంలోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు అక్కడ ఆగుతాను. ఎదురుగా ఒక మనిషి కూర్చుని వింటున్నాడని కవి మనకు మాటిమాటికీ గుర్తు చేస్తున్నాడు.

పరీక్షిత్తు సంగతి చూడండి. ఏడు రోజుల్లో పాము కాటుతో పోతావని శాపం. ఉన్నవి ఏడే రోజులు. రాజు, ఏమైనా చేయొచ్చు. ఆయన గంగ ఒడ్డున కూర్చుని, శుకుడు చెబుతుంటే భాగవత కథ విన్నాడు. ఊరికే వినలేదు, అడుగుతూ విన్నాడు. గజేంద్ర మోక్షంలో మనందరికీ నోటికొచ్చిన పద్యం ఉంది కదా, "నీరాట వనాటములకుఁ బోరాటం బెట్లు గలిగె" అని. ఆ పద్యం ఎవరి మాట? శుకుడిది కాదు, పరీక్షిత్తుది. నీళ్లలో తిరిగేదానికీ అడవిలో తిరిగేదానికీ అసలు పోట్లాట ఎలా వచ్చింది స్వామీ అని అడుగుతున్నాడు. ఏడో తరగతి పిల్లవాడు అడిగే ప్రశ్న అది. చావు దగ్గర పెట్టుకున్న మనిషికి ఏనుగూ మొసలీ ఎందుకు కొట్టుకున్నాయో తెలుసుకోవాలని ఉంది! ఆ పద్యం పిల్లలకు చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక సంజయుడు. కథ చెప్పే నేర్పు అంటే నేను మొదట చూపించేది ఆయన్నే. భీష్మపర్వంలో సంజయుడు యుద్ధభూమి నుంచి ధృతరాష్ట్రుడి దగ్గరికి పరుగున వస్తాడు. అప్పటికి పది రోజుల యుద్ధం అయిపోయింది. వస్తూనే చెప్పే మొదటి మాట, భీష్ముడు పడిపోయాడు అని. కథ చెప్పేవాడు చివర్లో దాచుకోవాల్సిన మాటను ముందే చెప్పేశాడు. ధృతరాష్ట్రుడు తల్లడిల్లిపోతాడు. అంతటివాడు ఎలా పడ్డాడు, పక్కన ఎవరున్నారు, ఎవరు కొట్టారు, నా కొడుకులు ఏం చేస్తున్నారు అని ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. అప్పుడు సంజయుడు వెనక్కి వెళ్లి మొదటి రోజు నుంచి ఎత్తుకుంటాడు. ద్రోణుడి విషయంలోనూ కర్ణుడి విషయంలోనూ ఇదే పద్ధతి. చావు ముందు చెబుతాడు, కథ తర్వాత.

భగవద్గీత మొదటి శ్లోకం మీకందరికీ తెలుసు, "ధర్మక్షేత్రే కురుక్షేత్రే". అది కృష్ణుడి మాట కాదు, అర్జునుడి మాట కాదు. వినేవాడి ప్రశ్న. "నావాళ్లు, పాండవులు, యుద్ధానికి దిగి ఏం చేశారు సంజయా?" అని కళ్లు లేని తండ్రి అడుగుతున్నాడు. అదీ ఎప్పుడు అడుగుతున్నాడు? భీష్ముడు పడిపోయిన సంగతి విన్న తర్వాత. ఈ వరస తెలియనప్పుడు ఆ ప్రశ్న ఏదో కబురు అడిగినట్టు ఉండేది నాకు. తెలిశాక ఆ "మామకాః" అన్న మాట, నావాళ్లు అన్న మాట, చదవాలంటే గొంతు పట్టేస్తుంది.

ఇందులో ఒక గట్టి కిటుకు ఉంది. చివర ఏం జరుగుతుందో దాచిపెడితేనే కథ రక్తి కడుతుందని మనం అనుకుంటాం. సస్పెన్స్ అంటాం. సస్పెన్స్‌కు అలవాటుపడ్డ పిల్లవాడు "ఏమైంది, ఏమైంది" అని చివరికి పరుగెత్తుతాడు. చివర తెలిసిన పిల్లవాడు "ఎందుకలా అయింది" అని దారి పొడుగునా అడుగుతాడు. నేను ఒక బళ్లో అల్లూరి సీతారామరాజు కథ ఇలాగే మొదలుపెట్టాను. "1924 మే నెలలో కొయ్యూరు దగ్గర ఈయన్ని చెట్టుకు కట్టి కాల్చేస్తారర్రా" అని ముందే చెప్పేశాను. క్లాసు చల్లబడిపోయింది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసిన సంగతి చెప్పాను. తుపాకులు తీసుకుని, ఏమేం తీసుకున్నామో పేరుతో సహా రాసిపెట్టి మరీ వెళ్లారని చెప్పాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచాడు. "టీచర్, పేరు రాసి పెడితే పట్టుకుంటారని ఆయనకు తెలీదా?" అన్నాడు. తెలుసన్నాను. "మరి తెలిసీ ఎందుకు రాశారు?" ఆ గంటంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. నేను చెప్పింది తక్కువ, వాళ్లు మాట్లాడుకుంది ఎక్కువ.

మన బేతాళుడి సంగతి కూడా ఇలాంటిదే. శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాల్సిన విక్రమార్కుణ్ణి చివర్లో ప్రశ్న వేసి మాట్లాడిస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఈ గ్రంథాలయంలో పాత చందమామల బైండు పుస్తకాలు ఉన్నాయి, ఇందాక చూశాను. పిల్లలూ, ఆ కథ చదివేటప్పుడు ప్రశ్న దగ్గర పుస్తకం మూసెయ్యండి. మీరే విక్రమార్కుడు అనుకుని జవాబు చెప్పి, ఆ తర్వాత తెరవండి.

కాశీ మజిలీ కథల్లోనూ అంతే. దారిలో కనిపించిన వింతల గురించి గోపడు అడుగుతాడు, మజిలీలో మణిసిద్ధుడు ఆ కథ చెబుతాడు. కథలు చెబుతానంటేనే కాశీ దాకా వెంట వస్తానన్నది ఆ కుర్రాడి షరతు. అంత దూరం నడిపించింది ఆ ప్రశ్నలే.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. మనుషులకు కథలెందుకు? దీని గురించి నాకు ఎక్కువగా నేర్పింది తెలంగాణ. మా అమ్మాయి చదువు కోసం కొన్నేళ్లు హైదరాబాదులో ఉన్నాం. అప్పుడు చేర్యాల వెళ్లాను, చుట్టుపక్కల ఊళ్లలో పటం కథలు విన్నాను. చేర్యాల నకాషీ బొమ్మలు మీరు ఎగ్జిబిషన్లలో చూసి ఉంటారు, ఫ్రేము కట్టి గోడకు పెట్టుకునేవి. అవి పుట్టింది గోడల కోసం కాదు. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద ఎర్రటి నేల వేసి, పైనుంచి కిందికి కథంతా గళ్లుగళ్లుగా రాస్తారు. వాళ్లు "బొమ్మ వేయడం" అనరు, "పటం రాయడం" అంటారు. గజాల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని రెండు గుంజల మధ్య వేలాడదీసి, గడి తర్వాత గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ రాత్రంతా కథ చెబుతారు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఎవరి కథ వాళ్లకుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం. అది చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గౌడులకు గౌడ పురాణం. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. కథకుడు కూడా ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పడు. తన కులపు ఊళ్లు తనకుంటాయి. అక్కడ కథ చెప్పడం ఆయన హక్కు, ఆయనకు ఇచ్చేది ఇవ్వడం వాళ్ల బాధ్యత. తరతరాలుగా ఈ లెక్క నడిచింది. పటం పాతబడి చిరిగిపోతే దాన్ని పారెయ్యరు. కొత్తది రాయించుకుని, పాతదాన్ని మనిషిని సాగనంపినట్టు సాగనంపి నీళ్లలో కలుపుతారు.

జాంబపురాణం ఏమంటుంది? భూమి పుట్టకముందు ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడు అంటుంది. ఆ మాట వినేది ఎవరు? ఊరికి అవతల ఉంచబడ్డవాళ్లు. బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు, గుడిలోకి రానివ్వలేదు. మీరు అందరికంటే కింద అని పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా ఊరు చెబుతూనే ఉంది. రాత్రయ్యాక దీపం వెలుగులో పటం విప్పి ఒక మనిషి, "మీ తాత పుట్టేనాటికి ఈ భూమే లేదు" అంటున్నాడు. కథలు కాలక్షేపానికి అనేవాళ్లను ఆ రాత్రి అక్కడ కూర్చోబెట్టాలనిపించింది నాకు. ఒక ముసలావిడ మోకాళ్లు మడిచి కూర్చుని వింటోంది. ఎన్నిసార్లు విన్నదో ఏమో, కర్ర తర్వాతి గడి మీదికి పోకముందే ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కథకుడు అది చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట ఆవిడే అంది. అప్పుడు కర్రతో ఆ గడిని తాకాడు. ఎంత మర్యాద అది! కథ తనది కాదు, ఆవిడదేనని ఆయనకు తెలుసు.

ఆ ఆగడం నేను నేర్చుకున్నాను. పిల్లలకు తెలిసిన మాట వచ్చేముందు ఆగుతాను. "పులి ఏమందంటే..." అని నోరు మూసుకుంటాను. వాళ్లే అంటారు. చెప్పేవాళ్లకు అన్నిటికంటే కష్టం ఆగడమే. నాలిక మీదికొచ్చిన మంచి మాటను మింగి ఇంకొకరికి వదిలెయ్యాలి.

ఇది మాట వరసకు చెప్పడం లేదు, గడియారంతో చూసుకున్నాను. ఆ మధ్య ఒక ప్రైవేటు బడివాళ్లు పిలిచారు. ఒక్కో సెక్షన్‌కు వెళ్లి చెప్పనక్కర్లేదు, ఒకసారి వీడియో తీసి అన్ని క్లాసుల్లో బోర్డు మీద వేస్తామన్నారు. సరే అన్నాను. ఖాళీ గదిలో కెమెరా ముందు కూర్చోబెట్టారు. నేను పిల్లల మధ్య 25 నిమిషాలు చెప్పే కథ అక్కడ 11 నిమిషాల్లో అయిపోయింది. ఒక్క మాట వదల్లేదు, ఒక్క సంఘటన తగ్గించలేదు. ఇంటికొస్తూ బస్సులో అదే ఆలోచన. మిగతా 14 నిమిషాలు ఎక్కడికి పోయాయి? అవి నావి కావు. పిల్లలవి. మర్నాడు ఫోన్ చేసి మళ్లీ తీద్దామని బతిమాలాను. ఈసారి కెమెరా పట్టుకున్న అబ్బాయిని, "నాయనా, నువ్వు కెమెరాను స్టాండు మీద పెట్టి నా ఎదురుగా కూర్చో" అన్నాను. పాపం, మొహమాటపడ్డాడు, గొంతు రికార్డవుతుందని నోటితో ఊ అనలేదు. తలూపుతూ, కళ్లు పెద్దవి చేస్తూ విన్నాడు. 19 నిమిషాలు వచ్చింది. ఒక్క మనిషి ఎదురుగా ఉన్నందుకు కథ ఎనిమిది నిమిషాలు పెరిగింది.

ఇక్కడున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోన్లో కథల వీడియోలు పెట్టి అన్నం తినిపిస్తున్నారని మిమ్మల్ని తప్పుపట్టను. ఇద్దరూ ఉద్యోగాలు చేసి వచ్చాక ఉండే అలసట, టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఆ రోజులు దాటొచ్చాను. కానీ పిల్లవాడు తప్పు చేపలకు ఊ కొడితే ఫోన్‌కు తెలియదు. వాడు నిద్రపోయినా అది చెప్పుకుంటూ పోతుంది. రోజుకు పది నిమిషాలు చాలు. మీకు కథలు రాకపోతే మీ చిన్నప్పుడు మీరు చేసిన అల్లరి చెప్పండి, వాళ్లకు అంతకంటే ఇష్టమైనది లేదు. చివర్లో "దీనివల్ల ఏం తెలిసింది?" అని మాత్రం అడగకండి. నేనే పరీక్ష పేపర్లలో ఆ ప్రశ్న కొన్ని వందలసార్లు ఇచ్చాను. ఆ ప్రశ్న వినగానే పిల్లల మొహంలో కథ ఆరిపోవడం కూడా అన్నిసార్లూ చూశాను.

చివరిగా మా మనవరాలి సంగతి చెప్పి ముగిస్తాను. అమెరికాలో, డాలస్‌లో ఉంటారు. దానికి ఆరేళ్లు. అక్కడ వాళ్లు పడుకునే వేళకు ఇక్కడ నాకు ఉదయం ఎనిమిది. వీడియో కాల్‌లో కథ చెబుతాను. మొదట్లో కుదిరేది కాదు. నా మాట దానికి చేరి, దాని "ఊ" నాకు వచ్చేసరికి ఒక క్షణం ఆలస్యం. ఈలోగా నేను తర్వాతి మాట మొదలుపెట్టేసేదాన్ని. దాని ఊ నా మాట కింద పడి నలిగిపోయేది. రెండు మూడు రోజులకే విసుగొచ్చి వేరే ఆటలోకి పోయేది. అప్పుడు అర్థమైంది, నేను దాని ఊ కోసం ఆగడం లేదని. ఇప్పుడు ప్రతి వాక్యం తర్వాత ఆగుతాను. సముద్రాలు దాటి ఊ వస్తుంది. అప్పుడు ముందుకు పోతాను. కథ నిదానంగా నడుస్తుంది, కానీ ఇద్దరం కలిసి నడుస్తాం.

దానికి ఏడు చేపల కథే రోజూ కావాలి. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపూ ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆ కథలో మొదటి నుంచి చివరిదాకా ఉన్నది అడగడమే కదా! ఒకరోజు అది, "ఇవాళ నేను చెబుతా అమ్మమ్మా, నువ్వు ఊ కొట్టు" అంది. కొట్టాను. రాజు ఉన్నాడు, ఏడుగురు కొడుకులు ఉన్నారు, చేపలు వచ్చాయి. గడ్డి దగ్గరికొచ్చేసరికి ఆవు రాలేదు. "గడ్డీ గడ్డీ ఎందుకంత ఎత్తు పెరిగావు?" "మౌవర్ నన్ను కొయ్యలేదు." "మౌవర్ మౌవర్ ఎందుకు కొయ్యలేదు?" "డాడీ గ్యాస్ పొయ్యలేదు." వాళ్లింటి ముందు గడ్డి కోసే యంత్రం అది, దానికి పెట్రోలు కావాలి. దానికి గడ్డిమోపు తెలియదు, ఆవును మేపే మనిషి తెలియదు. తెలిసిన వస్తువులు తెచ్చి పెట్టుకుంది. డాడీ ఎందుకు పొయ్యలేదంటే తమ్ముడు ఏడుస్తున్నాడు. తమ్ముడు ఎందుకు ఏడ్చాడంటే చీమ కుట్టింది. చీమ మాత్రం మా నాయనమ్మ చీమే. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. ఒక్క అక్షరం మారలేదు.

అంతా అయ్యాక ఫోన్‌కు మొహం దగ్గరగా పెట్టి ఒక ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, ఆరు చేపలు ఎండిపోయాయి కదా. గడ్డి వాటికెందుకు అడ్డు రాలేదు? వాటిని ఎవరూ ఏమీ అడగరేం?"

అరవై ఏళ్లుగా ఈ కథ వింటున్నాను, చెబుతున్నాను. నాకు ఈ ప్రశ్న రాలేదు. రేపు చెబుతానన్నాను. మూడు వారాలైంది, రోజూ గుర్తు చేస్తోంది. నాయనమ్మ లేదు, మా నాన్న లేడు అడుగుదామంటే. మీలో ఎవరికైనా...

(ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తింది)

నీకు తెలుసా తల్లీ? మైకు అందుకోండి కాస్త, పాపకివ్వండి. లేచి నిలబడక్కర్లేదమ్మా, కూర్చునే చెప్పు.

ఊ...